డబ్బిచ్చి దిగినా అతిథులమే: కుటుంబంతో ప్రయాణం, పరుల ఇంట బస

 

ఒక జుమా రోజున అర్ధవీడులో నమాజు ముగిశాక ఒక సోదరుడు అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చాడు. “మౌలానా! ఒక మసలా అడగాలి. నా కోసం కాదు, మా అమ్మీ కోసం” అన్నాడు. పక్కన కూర్చోబెట్టుకొని విన్నాను.

వాళ్ళ తల్లికి ఏళ్ళ తరబడి మోకాళ్ళ నొప్పులు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన పెద్దవాళ్ళు మన పశ్చిమ ప్రకాశంలో ఎందరో ఉన్నారు. ఆ సోదరుడు తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని వెల్లూరు వెళ్ళాడు. డాక్టర్ ఇడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఈనాడు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిగా ఎదిగిన ఊరు అది. ఆస్పత్రి ముందున్న గాంధీ రోడ్డులో లాడ్జీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఎవరో ఒక సందులో ఇల్లు చూపించారు. కింద ఒక పెద్దావిడ తన కోడలితో, మనవలతో ఉంటున్నది. పైన గది అద్దెకిస్తారు. వండుకోవడానికి ఒక మూల కరెంటు స్టవ్ ఉంది. ఉదయం టిఫిన్ ఇంటివాళ్ళే పెడతారు. పెద్దలు ముగ్గురు, పిల్లలు ఇద్దరు అని చెప్పి రోజుకింత అని మాట్లాడుకొని దిగారు.

మూడో రోజున చెన్నై నుంచి బావమరిది కుటుంబం పెద్దామెను చూడటానికి వచ్చింది. వాళ్ళు ముగ్గురూ రెండు రాత్రులు ఆ గదిలోనే పడుకున్నారు. ఇంటావిడకు చెప్పలేదు. బయలుదేరే ముందురోజు పిల్లవాడు స్టవ్ వైరు లాగితే అది కిందపడి పైనున్న అద్దం పగిలింది. దానిమీద తువ్వాలు కప్పి, తెల్లవారుజామునే కాట్పాడి స్టేషనుకు వెళ్ళిపోదామనుకున్నారు. తీరా మెట్లు దిగేసరికి ఆ పెద్దావిడ అప్పటికే లేచి ఉంది. ప్రయాణంలో తినమని ఇడ్లీలు పొట్లం కట్టి ఇచ్చింది. మోకాళ్ళకు కాపడం పెట్టుకోమని ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు పోసింది.

“ఆ ఇడ్లీలు మా అమ్మీ తినలేదు మౌలానా. ఇంటికొచ్చి నెల దాటింది. ఆ మనిషికి మనం ఏం జవాబు చెబుతాంరా అని రోజూ నన్ను అడుగుతూనే ఉంది. నేనేమో, అద్దె పైసలతో సహా కట్టాం కదా, ఇంకేం బాకీ ఉందీ అంటున్నాను. మా ఇద్దరిలో ఎవరిది సరైన మాట?”

సోదరులారా! సోదరీమణులారా! ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. మన ఊళ్ళ నుంచి వైద్యం కోసం, పిల్లల పరీక్షల కోసం, హైదరాబాదు, బెంగుళూరుల్లో ఉద్యోగాలు చేసే కొడుకులను, కూతుళ్ళను చూడటానికి, సెలవుల్లో విహారానికి కుటుంబాలు ప్రయాణమవుతూనే ఉన్నాయి. యజమాని కుటుంబం కాపురముంటూ ఒకటి రెండు గదులు అద్దెకిచ్చి ఉదయం ఫలహారం పెట్టే ఇళ్ళు పెరిగాయి. వీటినే ‘హోమ్ స్టే’ అనీ, ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ అనీ అంటున్నారు. ఇలాంటి ఇంట దిగినవారి మర్యాదలేమిటి? హక్కులేమిటి? బాధ్యతలేమిటి? ఈ నెల పాఠంలో తెలుసుకుందాం.

రెండు రకాల ఇళ్ళు

దివ్య ఖుర్ఆన్‌లోని సూరా నూర్ ఇళ్ళ మర్యాదను చాలా వివరంగా బోధించింది. మీ ఇళ్ళు కాని ఇళ్ళలోకి ఇంటివారి సమ్మతి పొందకుండా, వారికి సలాం చేయకుండా ప్రవేశించవద్దని 27వ ఆయత్ విశ్వాసులను ఆదేశించింది. ఇంట్లో ఎవరూ లేకపోతే అనుమతి దొరికే వరకు లోపలికి వెళ్ళకూడదు, తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళిపోవాలి అని 28వ ఆయత్ తెలిపింది. ఆ వెంటనే 29వ ఆయత్‌లో ఒక మినహాయింపు వచ్చింది. ఎవరూ కాపురముండని, మీకు ఉపయోగపడే వస్తువులున్న కట్టడాల్లోకి వెళ్ళడంలో దోషం లేదని అల్లాహ్ సెలవిచ్చాడు.

ఈ మినహాయింపు ఎవరి కోసం? సిరియా దారిలో వర్తకులు దిగే సరాయీల గురించి హజ్రత్ అబూబక్ర్ (రజి) అడిగినప్పుడు ఈ ఆయత్ అవతరించిందని తఫ్సీరు గ్రంథాల్లో ఒక ఉల్లేఖనం ఉంది. బాటసారుల సత్రాలు, ముసాఫిర్‌ఖానాలు ఈ కోవలోకి వస్తాయని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. ఈ కాలపు లాడ్జి, హోటలు కూడా ఇలాంటివే. వాటి వరండాలోకి, ఆఫీసులోకి వెళ్ళడానికి ప్రత్యేకంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరి గదికి వారు తాళం వేసుకుంటారు.

మరి కుటుంబం కాపురముండే ఇంట్లో అద్దెకు దిగితే? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. డబ్బు కట్టాం కాబట్టి ఇది లాడ్జి లాంటిదే అనుకుంటారు. కేంద్ర పర్యాటక శాఖ ఇలాంటి ఇళ్ళను గుర్తించడానికి పెట్టిన పథకంలో సైతం ఇంటి యజమాని తన కుటుంబంతో అక్కడే నివసించాలని, అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు లోపే ఉండాలని నియమం ఉంది. అంటే అది ముందు ఒక సంసారం ఉన్న ఇల్లు, ఆ తరువాతే వసతి గృహం. మనం అద్దెకు తీసుకున్న గది వరకు 29వ ఆయత్ ఇచ్చిన వెసులుబాటు ఉంటుంది. ఆ గది గడప దాటితే 27వ ఆయత్ వర్తిస్తుంది. వారి హాలు, వంటిల్లు, పెరడు, పూజగది వారివే.

మన తెలుగునాట ఇది కొత్త సంగతేమీ కాదు. వెనుకటికి పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. బాటసారులు డబ్బిచ్చి భోజనం చేసి, అరుగు మీదనో చావిట్లోనో పడుకునేవారు. అన్నానికి డబ్బిచ్చామని ఇంటి లోగిలిలో తిరిగేవారు కాదు.

అనుమతి అడిగే పద్ధతిని కూడా దైవప్రవక్త (సఅసం) నేర్పారు. ఆయన ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు తలుపుకు ఎదురుగా నిలబడక, కుడివైపో ఎడమవైపో నిలబడేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ బుస్ర్ (రజి) ఉల్లేఖించారు. (అబూ దావూద్) అనుమతి కోరే నియమం చూపు కోసమే పెట్టబడిందని కూడా ఆయన తెలిపారు. (బుఖారీ, ముస్లిం) కాబట్టి కిందికి వెళ్ళి నీళ్ళు అడగాలన్నా, బిందె అడగాలన్నా ముందు మెట్ల మీద నుంచి పిలవాలి, జవాబు వచ్చాక వెళ్ళాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే వెనక్కి రావాలి.

అద్దె దేనికి చెల్లుతుంది?

అద్దె ఒప్పందాన్ని ఫిఖహ్‌లో ‘ఇజారా’ అంటారు. ఒక వస్తువును కాక, దానివల్ల కలిగే ఉపయోగాన్ని కొంత కాలానికి కొనుక్కోవడమే ఇజారా. అందుకే ఏ గది, ఎన్ని రోజులు, ఎంత మంది, ఎంత అద్దె అనేవి ముందే స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఫలహారం అద్దెలో కలిసిందా, వేరుగా ఇవ్వాలా? గ్యాసుకు, కరెంటుకు వేరే లెక్క ఉందా? గది ఏ వేళకు ఖాళీ చేయాలి? ఇవి అడగడానికి మొహమాటపడి, చివరి రోజున మెట్ల మీద వాదులాడుకోవడం మోమిన్‌కు తగిన పని కాదు. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా మొదటి ఆయత్‌లోనే అల్లాహ్ ఆజ్ఞాపించాడు.

అయిదుగురికని మాట్లాడుకున్న గదిలో ఎనిమిది మందిని పడుకోబెడితే అది ఒప్పందాన్ని దాటడమే. నీళ్ళు ఎక్కువ ఖర్చవుతాయి. స్నానాలగది మీద భారం పెరుగుతుంది. కొత్త మగవారు ఇంట్లో తిరుగుతున్నారన్న సంగతి ఇంటి ఆడవాళ్ళకు తెలియకుండా పోతుంది. బంధువులు రావడం తప్పు కాదు. వచ్చారని చెప్పి, వాళ్ళ కోసం ఎంత ఇవ్వాలో అడిగితే సరిపోయేది. చాలామంది ఇంటివారు నవ్వి ఊరుకుంటారు కూడా. అయితే ఆ మన్నింపు వారు ఇష్టపడి ఇవ్వవలసింది. మనకు మనమే ఇచ్చుకునేది కాదు.

గుర్తింపు కార్డు అడిగారని కొందరు నొచ్చుకుంటారు. వసతి ఇచ్చేవారు తమ ఇంట దిగినవారి వివరాలు రాసి ఉంచుకోవడం వారి బాధ్యత. సరైన పేరు, సరైన ఊరు చెప్పాలి. అద్దె తగ్గుతుందనో, గది దొరకదేమోననో అబద్ధం చెప్పడం ఎంతమాత్రం తగదు.

వస్తువు పగిలితే

ఇప్పుడు స్టవ్ విషయానికి వద్దాం. అద్దెకు తీసుకున్న గది, అందులోని సామాను మన చేతిలో అమానతు. దీని మీద హనఫీ ఫుఖహాలు చెప్పిన సూత్రం చాలా న్యాయమైనది. మామూలుగా వాడుతుండగా, మన అజాగ్రత్త ఏమీ లేకుండా వస్తువు పాడైతే మన మీద నష్టపరిహారం లేదు. పాత ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతే దానికి మనం బాధ్యులం కాము. హద్దు మీరి వాడినా, నిర్లక్ష్యం చేసినా జరిగిన నష్టాన్ని భర్తీ చేయాలి. చిన్నపిల్లలకు పాపం అంటదు గానీ, వారు పగలగొట్టిన వస్తువుకు పరిహారం మాత్రం రద్దు కాదు. “చిన్నపిల్లాడు, ఏం చేస్తాం?” అనే మాట ఇంటావిడ అనాలి. మనం అనకూడదు.

పరిహారం విషయంలో ఏ కారణంచేతనైనా అభిప్రాయభేదం రావచ్చు. కానీ దాచిపెట్టే విషయంలో రెండో అభిప్రాయం లేదు. తువ్వాలు కప్పడమే అసలు తప్పు. పాడైంది మన చేతుల్లోనే కాబట్టి ఆ సంగతి చెప్పడం మన బాధ్యత.

ఇంటావిడ ముస్లిం కాదు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని సూరా నిసా 58వ ఆయత్ ఆదేశిస్తోంది. ఆ హక్కుదారు ఏ మతంవాడు అన్న షరతు అందులో లేదు. దైవప్రవక్త (సఅసం) జీవితమే దీనికి గొప్ప నిదర్శనం. హిజ్రత్ చేసిన రాత్రి మక్కావారు ఆయన ప్రాణాలు తీయడానికి కాపు కాశారు. అదే మక్కావారు దాచుకున్న సొమ్ములు అప్పటికీ ఆయన దగ్గరే ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి అప్పజెప్పి రమ్మని హజ్రత్ అలీ (రజి)ను మక్కాలో ఉంచి ఆయన బయలుదేరారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ప్రాణాలు తీయవచ్చినవారి అమానతు కూడా ఆయనకు బరువే అయినప్పుడు, వేడినీళ్ళు కాచి ఇచ్చిన ఇల్లాలి అమానతు మనకు ఎంత బరువు కావాలి!

ఉదయం ఫలహారం

అల్లాహ్ సూరా అహ్‌జాబ్ 53వ ఆయత్‌లో దైవప్రవక్త (సఅసం) ఇళ్ళకు భోజనానికి వెళ్ళేవారికి మూడు మర్యాదలు నేర్పాడు. పిలిస్తేనే వెళ్ళాలి. వంట ఎప్పుడవుతుందా అని ముందే వెళ్ళి కాచుకు కూర్చోకూడదు. తిన్న తరువాత కబుర్లలో పడక లేచి వెళ్ళాలి. ఇది ప్రవక్తగారి ఇంటిని గురించి అవతరించినా, ఏ ఇంటికైనా వర్తించే సంస్కారమని ఉలమాలు చెప్పారు. ఇంటివారు ఏడున్నరకు ఫలహారం పెడతామంటే ఆరింటికే హాల్లో చేరి టీవీ పెట్టడం, తిన్నాక పది దాకా అక్కడే కూర్చోవడం రెండూ వారికి భారమే. కోడలు పిల్లలను బడికి పంపాలి. పెద్దావిడ ఇల్లు సర్దుకోవాలి.

ముస్లిమేతరుల ఇంట తినవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఇడ్లీ, దోసె, పొంగలి, ఉప్మా, పళ్ళు, పాలు వంటివి నిస్సంకోచంగా తినవచ్చు. మాంసం విషయంలో హలాల్ అని నమ్మకం కలిగితేనే తినాలి. లేదంటే మెత్తగా వద్దని చెప్పాలి. పూజలో నివేదించిన ప్రసాదమైతే మర్యాదగా వినయంతో తీసుకోలేమని చెప్పాలి. పాత్రల విషయానికొస్తే, గ్రంథవహుల ప్రాంతంలో ఉంటున్నాం, వారి పాత్రల్లో తినవచ్చా అని హజ్రత్ అబూ సఅలబా (రజి) అడిగారు. వేరే పాత్రలు దొరికితే వాటిలో తినమని, దొరక్కపోతే వాటినే కడిగి వాడుకోమని దైవప్రవక్త (సఅసం) సమాధానమిచ్చారు. (బుఖారీ, ముస్లిం) మనం కడుక్కొని వాడుకోవచ్చు. అయితే ఇంటివారి ఎదుట మొహం చిట్లించి, వారి గిన్నెలను అసహ్యించుకుంటున్నట్లు కడగడం సంస్కారం కాదు. అవసరమనుకుంటే రెండు పళ్ళేలు, నాలుగు గ్లాసులు ఇంటినుంచే తీసుకెళితే ఏ ఇబ్బందీ ఉండదు.

స్త్రీలు, పిల్లలు, పెద్దలు

మహ్రమ్ లేకుండా స్త్రీ ప్రయాణం చేయకూడదని, పరాయి పురుషుడు స్త్రీతో ఏకాంతంగా ఉండకూడదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. (బుఖారీ, ముస్లిం) భర్త ఆస్పత్రిలో టోకెను కోసం తెల్లవారుజామునే క్యూలో నిలబడవలసి వస్తే, భార్య ఒక్కతీ గదిలో ఉండిపోతుంది. ఆ సమయంలో ఇంటి మగవారు ఏదైనా ఇవ్వడానికి వస్తే గడప బయటే ఇచ్చి వెళ్ళేలా ముందే మాట్లాడుకోవాలి. గడియ సరిగా పడుతుందా, స్నానాలగది కిటికీ మూసుకుంటుందా అని దిగే ముందే చూసుకోవాలి. ఇది అనుమానించడం కాదు, జాగ్రత్త. ఇదే జాగ్రత్త ఆ ఇంటి స్త్రీల విషయంలోనూ పాటించాలి. మన పురుషులు మెట్లు దిగేటప్పుడు అలికిడి చేస్తూ, చూపులు దించుకొని దిగాలి. ఫోనులో ఆ ఇంటినీ, ఇంటివారినీ ఫొటోలు తీసి నలుగురికీ పంపడం అమానతుకు ద్రోహం.

ఒకే గదిలో భార్యాభర్తలు, పిల్లలు, వృద్ధురాలైన తల్లి సర్దుకోవలసి వస్తుంది. ఇంటి పిల్లలు సైతం మూడు వేళల్లో, అంటే ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించి విశ్రమించేటప్పుడు, ఇషా తరువాత అనుమతి అడిగే లోపలికి రావాలని సూరా నూర్ 58వ ఆయత్ నేర్పుతోంది. ప్రయాణంలో ఆ అలవాటు పోకూడదు. ఒక చీర అడ్డం కట్టుకున్నా సరే, తెర ఏర్పాటు చేసుకోవాలి. పిల్లలకు దిగిన రోజునే చెప్పాలి: ఫ్రిజ్ తెరవకూడదు, గోడల మీద రాయకూడదు, ఆ ఇంటి పిల్లల బొమ్మలు అడగకుండా తీసుకోకూడదు. ఇస్లాం మర్యాదలను పిల్లలు పుస్తకంలో చదివి నేర్చుకునే దానికన్నా పరుల ఇంట వారం రోజులు ఉన్నప్పుడు ఎక్కువగా నేర్చుకుంటారు.

గదిలో నమాజు

మన దేశం నుంచి ఖిబ్లా పడమటి దిక్కున ఉంది. వెల్లూరు వైపు అయితే పడమర నుంచి కాస్త ఉత్తరానికి ఒరుగుతుంది. ఇంటివారిని అడిగితే పడమర ఏదో చెబుతారు. వెల్లూరులో ప్రసిద్ధ మదర్సా బాఖియాతుస్ సాలిహాత్ ఉంది, మస్జిదులూ ఉన్నాయి. మగవారు జమాఅతుకు వెళ్ళవచ్చు. గదిలో పటాలు, విగ్రహాలు ఉంటే అవి ఎదురుగా లేని చోటు చూసుకొని నమాజు చేయాలి. వాటిని తీసి పక్కన పారేయడం, వెక్కిరించడం చేయకూడదు. ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని సూరా అన్ఆమ్ 108వ ఆయత్ నిషేధించింది. వుజూ చేశాక నేలంతా తడిగా వదిలేస్తే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు జారిపడతారు. తుడిచి రావాలి. రోగి నిలబడలేకపోతే కూర్చొని, కూర్చోలేకపోతే పడుకొని నమాజు చేయవచ్చు.

ఖస్ర్ సంగతి: హనఫీ ఫిఖహ్ ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు, లేక అంతకన్నా ఎక్కువ దూరం ప్రయాణం తలపెట్టి ఊరు దాటినవారు ముసాఫిర్. అర్ధవీడు నుంచి కంభం, మార్కాపురం వెళ్ళివస్తే ఖస్ర్ లేదు. ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు, వెల్లూరు వెళితే ఉంది. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జు నాలుగు రకాతులకు బదులు రెండు చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్, విత్ర్‌లలో తగ్గింపు లేదు. స్థానిక ఇమాము వెనుక చేస్తే పూర్తిగా చేయాలి. ఒకే ఊరిలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ ఉండాలని సంకల్పిస్తే పూర్తి నమాజు చేయాలి. ఆస్పత్రికి వెళ్ళినవారికి ఒక సందేహం వస్తుంది. రిపోర్టు రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటూ రోజులు గడుస్తాయి. పదిహేను రోజులుందామని నిశ్చయించుకోకుండా, పని కాగానే వెళ్ళిపోదామనే తలంపుతో ఉన్నంత కాలం ఎన్ని రోజులు గడిచినా ఖస్రే చేయాలి.

ఏదైనా చోట దిగినప్పుడు, అల్లాహ్ సృష్టించిన వాటి కీడు నుంచి ఆయన సంపూర్ణ వచనాల శరణు కోరేవారికి అక్కడినుంచి కదిలే వరకు ఏదీ హాని చేయదని హజ్రత్ ఖౌలా బిన్తె హకీమ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. (ముస్లిం) ఈ దుఆను పిల్లలతో సహా అందరూ కంఠస్థం చేసి, గదిలో పెట్టె దించగానే చదవాలి.

ఇల్లు ఇచ్చేవారికి

ఇప్పటివరకు దిగేవారి సంగతి చెప్పుకున్నాం. మనలో గది అద్దెకిచ్చేవారు కూడా ఉన్నారు. వారికీ కొన్ని మాటలు.

దైవప్రవక్త (సఅసం) మదీనా చేరినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట దిగారు. ఆయన కింది భాగంలో ఉంటే, అబూ అయ్యూబ్ దంపతులు పైన ఉండేవారు. ప్రవక్తగారి తలపై మనం నడవడమా అని ఆ దంపతులు రాత్రి ఒక మూలకు ఒదిగి పడుకున్నారు. తెల్లవారి విషయం చెబితే, కింద ఉండటమే తమకు సులువని ప్రవక్త (సఅసం) అన్నారు. వారు ఎంతకూ ఒప్పుకోకపోవడంతో చివరికి పైకి మారారు. (ముస్లిం) ఇల్లు ఇచ్చినవారు అతిథి గౌరవం గురించి ఆలోచించారు. దిగినవారు సౌకర్యం గురించి, భారం కాకుండా ఉండటం గురించి ఆలోచించారు. ఇరువైపులా ఈ ఆలోచన ఉంటే తగాదా ఎక్కడినుంచి వస్తుంది?

అద్దె పుచ్చుకోవడం హలాలే. కానీ రోగితో వచ్చి, రాత్రివేళ మరో దారిలేక నిలబడినవారి దగ్గర రెట్టింపు గుంజడం మానవత్వం కాదు. గదిలో నీటి ఎద్దడి ఉంటే, మంచం కిర్రుమంటుంటే, పక్కన శబ్దాలుంటే ముందే చెప్పాలి. లోపం దాచి అమ్మేవాడిని దైవప్రవక్త (సఅసం) మందలించారు. దిగినవారి గదిలోకి వారు లేనప్పుడు వెళ్ళడం, వారి మాటలు పొంచి వినడం, కెమెరా పెట్టడం ఘోరమైన పాపం. కూపీలు లాగవద్దని సూరా హుజురాత్ 12వ ఆయత్ స్పష్టంగా నిషేధించింది. మతం చూసి, కులం చూసి గది లేదనడం కూడా మన సంప్రదాయం కాదు. నజ్రాన్ క్రైస్తవులు వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) వారిని మస్జిదె నబవీలోనే దిగనిచ్చారని సీరత్ గ్రంథాల్లో ఉంది.

మన చరిత్రలో బాటసారి సేవకు గొప్ప స్థానం ఉంది. జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దుల్లో బాటసారి ఒకరు. (తౌబా - 60) ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) సమర్‌ఖంద్ అధికారికి ఉత్తరం రాసి, దారుల్లో సరాయీలు కట్టించమని, వచ్చినవారికి ఒక పగలు ఒక రాత్రి ఆతిథ్యమివ్వమని, జబ్బుపడినవారైతే రెండు పగళ్ళు రెండు రాత్రులు చూసుకోమని ఆదేశించినట్లు తబరీ చరిత్ర చెబుతోంది. రోగికి రెట్టింపు సేవ చేయమన్నారు, గమనించండి! హైదరాబాదులో నాంపల్లి రైల్వేస్టేషను దగ్గర 1919లో నిజాం కాలంలో కట్టిన సరాయి కూడా ఇలాంటి సేవకోసమే వెలిసింది.

ఆ తల్లికి ఏం చెప్పాను?

నేను ఆ సోదరుడితో ఇలా అన్నాను: “భాయ్! మీ అమ్మీ చెప్పిందే సరైన మాట. మీ మీద మూడు బాకీలున్నాయి. ఒకటి, స్టవ్ ఖరీదు లేక మరమ్మతు ఖర్చు. రెండు, చెప్పకుండా ఉంచిన ముగ్గురి రెండు రాత్రుల అద్దె. మూడు, దాచినందుకు క్షమాపణ. మొదటి రెండూ డబ్బుతో తీరతాయి. మూడోది నోటితో చెబితేనే తీరుతుంది.”

అతడు తలవంచుకొని, “పోనీ ఆ డబ్బు ఇక్కడ ఎవరైనా బీదవారికి సదఖా చేస్తే సరిపోతుందా?” అని అడిగాడు. సరిపోదు. హక్కుదారు ఎక్కడున్నారో తెలియనప్పుడు, ఎంత వెదికినా దొరకనప్పుడు మాత్రమే వారి పేరున సదఖా చేయాలి. ఇంటి నంబరు ఫోనులో ఉండగా సదఖా చేయడం బాకీని తప్పించుకోవడమే.

దాసుల హక్కులు చాలా బరువైనవి సోదరులారా! ప్రళయదినాన నమాజులు, రోజాలు, జకాత్ వెంట తెచ్చుకొని కూడా దివాలా తీసేవాడి గురించి దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అతడు ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. అతడి పుణ్యాలన్నీ వారికి పంచిపెట్టబడతాయి. (ముస్లిం) ఎవరి పట్లనైనా అన్యాయం చేసినవారు దీనార్లు, దిర్హములు పనికిరాని రోజు రాకముందే ఈ లోకంలోనే దాన్ని మాఫీ చేయించుకోవాలని కూడా ఆయన ఉపదేశించారు. (బుఖారీ)

తరువాతి జుమాకు ఆ సోదరుడు మళ్ళీ కలిశాడు. ఫోను చేశాడట. ఆవిడకు తెలుగు అంతగా రాదు, కోడలు మాట కలిపింది. సంగతంతా చెప్పి క్షమించమని అడిగాడు. స్టవ్ పగిలిన సంగతి వాళ్ళకు ఆరోజే తెలిసిందట. ముందుగా ఆవిడ అడిగింది, “అమ్మకు మోకాళ్ళు ఎలా ఉన్నాయి?” అని. స్టవ్ బాగుచేయించిన ఖర్చు తీసుకుంది. బంధువుల రెండు రాత్రుల డబ్బు వద్దంది. మళ్ళీ చెకప్‌కు వచ్చినప్పుడు అదే గదిలో దిగమంది.

“అమ్మీ ఆ రాత్రి నిద్రపోయింది మౌలానా” అన్నాడు.

పాఠంలో గుర్తుంచుకోవలసినవి

1. కాపురమున్న ఇంట్లో అద్దెకు దిగితే గది మనది, ఇల్లు వారిది. గడప దాటితే అనుమతి తప్పనిసరి.

2. ఎందరం, ఎన్ని రోజులు, ఎంత అద్దె అన్నది ముందే చెప్పుకోవాలి. మార్పు వస్తే ఆ రోజే తెలపాలి.

3. గది సామాను అమానతు. మన నిర్లక్ష్యం వల్ల పాడైతే భర్తీ చేయాలి. ఏది పాడైనా దాచకూడదు.

4. ఫలహారం వేళకు వెళ్ళాలి, తిన్నాక లేవాలి. హలాల్ జాగ్రత్త పాటిస్తూనే ఇంటివారి మనసు నొప్పించకూడదు.

5. ప్రయాణంలోనూ తెర, చూపు, నమాజుల మర్యాదలు మారవు.

6. వదిలి వెళ్ళేటప్పుడు గది ఊడ్చి, దీపాలు ఆర్పి, తాళం చేతికిచ్చి, తెలియక చేసిన పొరపాట్లు మన్నించమని అడిగి బయలుదేరాలి.

మన ఇళ్ళను, మనం దిగే ఇళ్ళను అల్లాహ్ శాంతి నిలయాలుగా చేయుగాక! మన రోగులకు స్వస్థత ప్రసాదించుగాక! ఎవరి హక్కూ మన మెడ మీద ఉండగా మనల్ని ఈ లోకం నుంచి తీసుకుపోకుండా ఉండుగాక! ఆమీన్.